గొడుగు కింది ఖాతా

కాజీపేట,
12 జనవరి 2025

అక్కయ్యకు నమస్కారాలు.

మొన్న ఆదివారం మనిద్దరం ఫోన్‌లో అరుచుకున్న అరుపులకు పక్కవాటా వాళ్లు వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్లారు. నీ మరదలు అన్నపూర్ణ నా చేతిలోని ఫోన్ లాక్కుని, ఇకమీదట బ్యాంకుల సంగతి మీ అక్కాతమ్ముళ్లు కాగితం మీదే తేల్చుకోండి అంది. నాకూ అదే నయమనిపించింది. రైల్వే అకౌంట్స్‌లో ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ని. కాగితం మీద లేని మాట మాటే కాదని నా నమ్మకం.

ముందుగా, పన్ను పనికోసం నువ్వు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, సంతకం పెట్టిన నాలుగు ఖాళీ తెల్లకాగితాలు అందాయి. ఫారాలు ఎప్పటిలాగే నేనే నింపి పంపుతాను.

ఇక అసలు సంగతి. అరవై ఎనిమిదేళ్ల మనిషికి నాలుగు బ్యాంకుల్లో నాలుగు ఖాతాలు దేనికి? మూడంటే ఏదో సర్దుకున్నాను. ఆ ప్రైవేటు బ్యాంకు ఖాతా చూసి నాకు తల తిరిగింది. అక్టోబరులో ఐదు వందల తొంభై, నవంబరులో ఐదు వందల తొంభై, డిసెంబరులో ఐదు వందల తొంభై. పదివేలు నిలవ ఉంచనందుకు జరిమానా అట. నీ డబ్బు వాళ్ల దగ్గర దాచుకుంటున్నందుకు నువ్వే వాళ్లకు కడుతున్నావు. ఆ ఖాతా నీకు అంటగట్టిన మహానుభావుడెవరు?

పైగా అది మన హృషికేశ్ పనిచేసే బ్యాంకే. వాడు ఇందులో లేడని నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజే వాడిచేత మాట తీసుకున్నాను, చుట్టాల దగ్గర ఖాతాలు తెరిపించనని. బుచ్చిబాబు బాబాయి పాలసీలు అమ్మినన్నాళ్లూ మనవాళ్లంతా ఆయన్ని చూసి తలుపులు వేసుకోవడం నువ్వూ చూశావు. నా కొడుక్కి ఆ గతి పట్టకూడదు.

వాడి ప్రొబేషన్ జూన్ ముప్పైతో అయిపోతుంది. పర్మనెంట్ ఆర్డరు చేతికొస్తేనే హనుమకొండ వాళ్లు పెళ్లి మాట కదుపుతామన్నారు. ఆ ఆర్డరు చూసేదాకా నాకు కంటిమీద కునుకు రాదు. వాడికి ఆదివారం కాస్త వేళకు అన్నం పెట్టు.

ఆ ఖాతా వెంటనే మూసేయ్.

నీ తమ్ముడు
జనార్ధనరావు

*

నాచారం,
20 జనవరి 2025

చిరంజీవి జనార్ధనరావుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదువుతుంటే నాకు మెమో ఇచ్చినట్టే ఉంది. రిటైరై మూడేళ్లయినా నీకు ఆఫీసు వదల్లేదు.

నాలుగు ఖాతాలు దేనికన్నావు కదా, విను. ఉప్పల్‌లోది పెన్షన్‌ది. నాచారంలోది గ్యాస్ డబ్బుల కోసం తెరిచింది. మూడోది సహకార బ్యాంకు, మీ బావతో ల్యాబులో పనిచేసిన చిదంబరంగారు డైరెక్టరయినప్పుడు సభ్యులు కావాలని ఇంటికొచ్చి అడిగితే కాదనలేకపోయాను. వాటిని రెండేళ్లు ముట్టుకోకపోతే నిద్రపోతాయట. లేపాలంటే ఫొటోలు, ఆధార్లు, సంతకాలు, మళ్లీ పెళ్లిచూపులంత తంతు. అందుకని ఆర్నెల్లకోసారి వెళ్లి ఒక్కోదాంట్లో వంద వేసి, యాభై తీసి వస్తాను. దీనికి నామీద అరవడం దేనికి?

నీకు చెబితే నవ్వుతావేమో. మీ బావ ఉన్నన్నాళ్లూ రేషన్ కార్డులో తప్ప నా పేరు ఎక్కడా లేదు. యాభై తొమ్మిదో ఏట మొదటిసారి పాస్‌బుక్ మీద నా పేరు ఒక్కటే చూసుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి దాన్ని నాలుగుసార్లు తీసి చూశాను. అందుకే ఏ ఖాతా మూసేయమన్నా నాకు కోపం వస్తుంది.

ఇక ప్రైవేటు బ్యాంకుది. ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద పెద్ద గొడుగు వేసుకుని ఒక కుర్రాడు కూర్చుంటాడు. ఎండలో పాపం చెమటలు కారుతూ ఉంటే జాలేసి తెరిచాను. అంతే. హృషికేశ్‌కీ దీనికీ ఏం సంబంధం లేదు.

ఆ జరిమానా నా తెలివితక్కువ. నెలాఖరుకు పదివేలు ఉంటే చాలనుకున్నాను. నెలంతా సగటు చూస్తారని తర్వాత చిదంబరంగారు చెప్పారు. దానికి ఆయనే ఉపాయం కూడా చెప్పారు. మూడు లక్షలు ఒక్కరోజు ఉంచితే, ముప్పై రోజులకు పంచితే రోజుకు పదివేలే కదా. ముప్పై ఒకటి ఉన్న నెలకు ఇంకో పదివేలు. మీ బావ రిటైర్మెంటు డబ్బు పెన్షన్ ఖాతాలోనే ఉంది. ఈ నెల మొదటి వారంలో తీసుకెళ్లి ఆ ప్రైవేటు బ్యాంకులో వేశాను, మర్నాడు తెచ్చి మళ్లీ పెన్షన్ ఖాతాలో వేశాను. మా వీధి చివర ఉండే ఆటో మొగిలయ్య తీసుకెళ్లాడు. ఒక్క పైసా పోలేదు. నీ లెక్కల చదువుకు ఈ ఆలోచన తట్టిందా?

హృషికేశ్ నిన్న వచ్చాడు. చిక్కాడు. పప్పుచారు మూడుసార్లు పోయించుకున్నాడు.

అన్నపూర్ణను అడిగానని చెప్పు.

రాజేశ్వరక్క

*

కాజీపేట,
3 ఫిబ్రవరి 2025

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడు లక్షల పదివేలు నగదు. సంచిలో. ఆటోలో. నాచారం నుంచి ఉప్పల్‌కు, ఉప్పల్‌లో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు, ఆ ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ములో. ఐదు వందల తొంభై మిగల్చడానికి. చిదంబరంగారిని సహకార బ్యాంకుకు డైరెక్టరుగా ఎన్నుకున్నవాళ్లను తలచుకుంటే జాలేస్తోంది.

ఆటోకు ఎంతిచ్చావు? రెండు రోజులు పోను రాను లెక్క వేశావా? నగదు ఇన్నిసార్లు వేసి తీస్తే దానికీ ఆ బ్యాంకు రుసుము పట్టుకుంటుందని నీ చిదంబరంగారు చెప్పారా? నేను ఇక్కడ కూర్చుని లెక్క వేశాను. నువ్వు మిగిల్చింది నలభై రూపాయలు.

పాస్‌బుక్ మీద నీ పేరు చూసుకుని సంతోషించడం నాకు అర్థమయింది. కానీ దానికి ఒక పాస్‌బుక్ చాలు.

ఆ గొడుగు కుర్రాడి సంగతి నాకు మింగుడుపడటం లేదు. ఒంటరిగా వచ్చిన పెద్దావిడను కూర్చోబెట్టి, పదివేల నిబంధన చెప్పకుండా, జరిమానా చెప్పకుండా సంతకం చేయించుకున్నాడు. దీన్నే మోసం అంటారు. నీకు జాలి కలిగించడం కూడా వాడి పనిలో భాగమే. ఇలాంటివాళ్ల వల్లే బ్యాంకు లోపల కుర్చీలో కూర్చుని నిజాయితీగా పనిచేసే మనవాడిలాంటి వాళ్ల పేరు పాడవుతుంది.

నువ్వు ఖాతా మూయకపోతే మూయకు. కావలసిన చర్య నేను తీసుకుంటాను.

నీ తమ్ముడు
జనార్ధనరావు

*

నాచారం,
16 ఫిబ్రవరి 2025

చిరంజీవి తమ్ముడికి,

చర్యా గిర్యా ఏమీ వద్దు. నువ్వు చర్య అన్నప్పుడల్లా నాకు కాళ్లూ చేతులూ ఆడవు. మీ క్వార్టర్స్‌లో కుళాయి కారుతోందని నువ్వు రాసిన ఉత్తరానికి కాలనీ మొత్తం నాలుగు రోజులు నీళ్లు ఆగిపోయాయి. మర్చిపోయావా?

సంచిలో డబ్బు తీసుకెళ్లడం మానేశాను. మొగిలయ్య కూడా కోప్పడ్డాడు. "అమ్మా, గన్ని పైసలు ఒళ్లె వెట్టుకొని కూసుంటే నాకు బండి నడుప చేతులస్తలేవు" అన్నాడు. ఈ నెల చెక్కు వేశాను.

నా మాట ఒక్కటి విను. జూన్ దాకా ఆ ఖాతా జోలికి రాకు. అందులో సగటు పదివేలు తగ్గకుండా నేను చూసుకుంటాను. జూన్ దాటాక నువ్వు మూసేయమంటే మూసేస్తాను, నీ ముందే మూసేస్తాను. ఎందుకని అడగకు. మీ బావ కూడా కొన్ని సంగతులు ఎందుకని అడిగేవారు కాదు, అందుకే ముప్పై ఏడేళ్లు కాపురం సాగింది.

పక్కింటి సారలమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని మానేసింది, నడుము నొప్పి. రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. నాకు కాలక్షేపం. దానికీ కూర్చుని చేసుకునే చేతిపనేదో కావాలి.

రాజేశ్వరక్క

*

కాజీపేట,
17 మార్చి 2025

అక్కయ్యకు నమస్కారాలు.

ఈ ఉత్తరం చదివాక నువ్వు నాకు కృతజ్ఞతలు చెప్పనక్కరలేదు.

"జూన్ దాకా" అన్న నీ మాట పట్టుకుని వారం రోజులు ఆలోచించాను. జూన్‌లో ఏముంది? ఏదో పథకం ఉంది. ఆ గొడుగు కుర్రాడు జూన్‌లో రెట్టింపవుతుందనో, ఇన్సూరెన్సు వస్తుందనో నీకు నూరిపోశాడు. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాడు. అందుకే నువ్వు ఎందుకని అడగకు అంటున్నావు. ఇలాంటి కేసులు పేపర్లో రోజూ చదువుతున్నాను.

కాబట్టి మార్చి పదో తేదీన బ్యాంకు హెడ్డాఫీసుకు, దాని నకలు రీజినల్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాను. నువ్వు పంపిన ఖాళీ కాగితాల్లో ఒకటి వాడాను, కాబట్టి అది నీ ఫిర్యాదే. అందులో ముఖ్యమైన భాగం ఇది: "మీ ప్రతినిధి ఉప్పల్ మెట్రో స్టేషన్ వద్ద వృద్ధురాలు, వితంతువు అయిన నన్ను మభ్యపెట్టి, కనీస నిలవ గురించి, నెలవారీ రుసుముల గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఖాతా తెరిపించాడు. ఇటువంటి వ్యక్తి మీ సంస్థలో ఒక్క రోజు కూడా కొనసాగడానికి అర్హుడు కాడు." ఇంగ్లీషులో ఇంకా బాగా వచ్చింది.

అక్నాలెడ్జ్‌మెంటు కార్డులు రెండూ తిరిగొచ్చాయి. నా సర్వీసులో నేను రాసిన ఏ ఫిర్యాదూ వృథా పోలేదు. ఆ కుర్రాణ్ని వాళ్లు వదలరు.

హృషికేశ్ రెండు వారాలుగా ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. మార్చి నెల కదా, బ్యాంకులో పని ఎక్కువై ఉంటుంది.

నీ తమ్ముడు
జనార్ధనరావు

*

నాచారం,
26 మార్చి 2025

జనార్ధనా,

దీవెనలు రాయడానికి చేయి రావడం లేదు. నువ్వు నీ కొడుకు మీదే ఫిర్యాదు రాశావు.

గొడుగు కింద కూర్చునేది హృషికేశ్. వేరే కుర్రాడు ఎవరూ లేడు. బ్యాంకు లోపల వాడికి కుర్చీ లేదు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా మెట్రో స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దిగివచ్చేవాళ్లకు కాగితాలు పంచుతాడు. నెలకు పదిహేను ఖాతాలు తేవాలి. తెచ్చినవాటిలో సగటు నిలవ తగ్గితే ఆ ఖాతా లెక్కలోకి రాదు. అలా జూన్ దాకా నెగ్గుకొస్తేనే పర్మనెంట్. జూన్‌లో ఉన్న పథకం అదీ. ఇప్పుడు అర్థమయిందా?

సెప్టెంబరులో ఒక ఆదివారం మెడ అంతా కమిలిపోయి వచ్చాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆ నెల ఆరు ఖాతాలే అయ్యాయట. నా పేర తెరువు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "వద్దత్తమ్మా. పదివేలు సగటు ఉంచాలె, లేకుంటే నెలకు ఐదువందల తొంబై కోస్తరు. నీకు గిదెందుకు? నాన్నకు మాట గూడ ఇచ్చిన" అన్నాడు. మీ ఇద్దరి మాటల మధ్య వాడు ఎండలో మాడిపోతున్నాడు. మర్నాడు నేనే మొగిలయ్య ఆటో ఎక్కి వెళ్లి, ఆ గొడుగు కింద ఎవరో తెలియనిదానిలా కూర్చుని, బాబూ నాకు ఖాతా కావాలి అన్నాను. జనం చూస్తున్నారు. వాడేం చేస్తాడు? ఫారం తీశాడు. అప్పుడు కూడా పదివేల సంగతి మొదటినుంచీ చివరిదాకా మళ్లీ చదివి వినిపించాడు. నాన్నకు తెలియనివ్వకు అని మాత్రం అడిగాడు. నువ్వు వాణ్ని లోపల కుర్చీలో ఊహించుకుని నలుగురికీ చెప్పుకుంటున్నావని వాడికి తెలుసు.

పోయిన వారం సోమవారం బ్యాంకు నుంచి ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లాను. మేనేజరు నీ కాగితం నా ముందు పెట్టి, ఈ సంతకం మీదేనా అమ్మా అని అడిగింది. నాదే కదా, అవునన్నాను. ఏముందో అప్పటికి నాకు తెలియదు. నీ ఉత్తరం ఇంకా నాకు అందలేదు. హృషికేశ్‌ను లోపలికి పిలిచారు. మొదటిసారి వాణ్ని ఆ ఏసీ గదిలో చూశాను, నిలబెట్టి. మేనేజరు ఆ ఇంగ్లీషును పైకి చదివింది. వాడు నావైపు తిరిగాడు.

"అత్తమ్మా, నువ్వు గిట్ల రాసినవా?"

నేను నోరు తెరిచేలోపు మేనేజరు మీకు ఈవిడ ఏమవుతారు అని అడిగింది. మేనత్త అన్నాడు. చుట్టమైతే అది ఇంకో తప్పట, సొంతవాళ్లతో లెక్క నింపుకున్నాడని. వాడికి మెమో ఇచ్చారు. మొన్న ఆదివారం అన్నానికి రాలేదు. వండిన పప్పుచారు సారలమ్మకు ఇచ్చేశాను.

నేను నీకు అబద్ధం చెప్పాను. ఒప్పుకుంటాను. కానీ నా సంతకం కింద నా మాటలు కానివి రాయడానికి నీకెవరు చెప్పారు? నా పేరు పాస్‌బుక్ మీద ఉంటే చాలు అనుకున్నాను. దాన్ని నువ్వు నా మేనల్లుడి మెమో మీదికి ఎక్కించావు.

రాజేశ్వరి

*

కాజీపేట,
1 ఏప్రిల్ 2025

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అన్నపూర్ణకు చదివి వినిపించలేక ఆమె చేతికే ఇచ్చాను. అప్పటినుంచి నాకు కాఫీ చల్లారాక వస్తోంది.

గొడుగు కుర్రాడు ఎవరో అని రాసింది నువ్వు. ఏ సంబంధం లేదని రాసింది నువ్వు. నాకు చేరిన సమాచారం మేరకు నేను చేసింది సబబే. మీరిద్దరూ కలిసి నన్ను పరాయివాణ్ని చేసి, ఇప్పుడు తప్పంతా నా నెత్తిన వేస్తే ఎలా?

అది అలా ఉంచు. ఫిర్యాదు ఉపసంహరణకు పద్ధతి ఉంది. చిత్తుప్రతి దీనితో పంపుతున్నాను. నకలు తీసి సంతకం పెట్టి మేనేజరుకు ఇవ్వు, రశీదు తీసుకో. "వయోభారం వల్ల, జ్ఞాపకశక్తి తగ్గినందువల్ల, రుసుముల వివరాలు చెప్పిన విషయం మరచి పొరపాటున ఫిర్యాదు చేశాను" అని ఉంటుంది. ఇంతకన్నా మార్గం లేదు. ఇందులో ఎవరిమీదా తప్పు పడదు.

వాడు నా ఫోన్ ఎత్తడం లేదు.

జనార్ధనరావు

*

నాచారం,
24 ఏప్రిల్ 2025

చిరంజీవి జనార్ధనరావుకు,

నీ చిత్తుప్రతి చించేశాను. ఎవరిమీదా తప్పు పడదన్నావు. నామీద పడుతుంది కదా, నేను ఎవరిలోనూ లెక్క లేనా? నా జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు. నీ ఐదో క్లాసు మార్కులు కూడా నాకు గుర్తున్నాయి, చెప్పమంటావా?

సొంతంగా రాశాను. తెలుగులో రాశాను. రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. సారలమ్మ పక్కన కూర్చుని, ఒక్కో వాక్యం చదివించుకుని, "గట్లనే రాయి వదినా, సక్కగున్నది" అంటూ ఉంది. ఇంతే రాశాను: "మార్చి పదో తేదీ కాగితం మీద సంతకం నాది. మాటలు నావి కావు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి తమ్ముడికి ఇవ్వడం నా తప్పు. ఆ అబ్బాయి నా మేనల్లుడు. ఖాతా వద్దని నాకు రెండుసార్లు చెప్పాడు. జరిమానా ఎంతో కూడా చెప్పాడు. వినకుండా తెరిచింది నేను. శిక్ష వేయాలంటే నాకు వేయండి."

నిన్న తీసుకెళ్లాను. స్టేడియంలో మ్యాచ్ ఉండి రింగురోడ్డు దగ్గర ఆటోలు కదల్లేదు. మొగిలయ్య చేతులెత్తేస్తే దిగి నడిచాను. జెండాలు, ముఖాలకు రంగులు, తోసుకుంటూ జనం. బ్యాంకు మూసేవేళకు చేరాను. మేనేజరు కాగితం రెండుసార్లు చదివింది. ఆమె కూడా మంచిదేలే. మెమో వెనక్కి తీసుకుంటామంది. కానీ చుట్టాల ఖాతా సంగతి ఇప్పుడు కాగితం మీద ఉంది కాబట్టి, జూన్‌లో పర్మనెంట్ చేయడం తన చేతిలో లేదంది. ప్రొబేషన్ డిసెంబరుదాకా పొడిగించారు. నా ఖాతా వాడి లెక్కలోంచి తీసేశారు.

వాడు గేటుదాకా వచ్చి ఆటో ఎక్కించాడు. ఈ ఆదివారం వస్తానన్నాడు.

నా మిగిలిన మూడు ఖాళీ కాగితాలు తిరిగి పంపు. ఇకనుంచి ఫారాలు నింపి నాకు పంపితే, చదువుకుని సంతకం పెడతాను.

హనుమకొండ వాళ్లకు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

రాజేశ్వరక్క

*

కాజీపేట,
4 మే 2025

అక్కయ్యకు నమస్కారాలు.

నీ మూడు కాగితాలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అడ్డంగా గీతలు కొట్టాను, ఎవరి చేతికి చిక్కినా పనికిరాకుండా.

బుధవారం నేను ఉప్పల్ వచ్చాను. నీకు చెప్పలేదు, వాడికీ చెప్పలేదు. మేనేజరును కలిసి, ఫిర్యాదు రాసింది నేను, నా కొడుకు సంవత్సరం పాడుచేయకండి అని చెప్పుకుందామని ఒక అర్జీ రాసుకుని మరీ బయలుదేరాను. బస్సు దిగి మెట్రో దగ్గర రోడ్డు దాటుతుంటే గొడుగు కనిపించింది. దాని కింద వాడు. మెడలో బ్యాంకు ట్యాగు, ఒళ్లో ఫారాల కట్ట. దగ్గరికి వెళ్లలేక చెరుకురసం బండి వెనక నిలబడ్డాను. రెండు గంటలు నిలబడ్డాను అక్కయ్యా. ఆ బండివాడు మూడు గ్లాసులు అమ్ముకున్నాడు నాకు.

వాడి దగ్గరికి ఒకామె వచ్చింది. చెంగిచెర్లలో ఉంటుందట, ఎక్కడో ఇళ్లల్లో పని. జీతం ఖాతాలో వేస్తామన్నారు, ఖాతా కావాలి అంది. నాకు అన్నీ వినబడుతున్నాయి. జీతమెంత అని అడిగాడు. తొమ్మిది వేలు అంది. వాడు ఫారం పక్కన పెట్టేశాడు.

"అమ్మా, గీ ఖాతా నీకు పనికిరాదు. గిండ్ల పదివేలు ఎప్పుడు ఉండాలె. నీ జీతమే అంత లేదు, నెలనెల నీ దగ్గరనే కోసుకుంటరు. గా రోడ్డు దాటినంక గవర్నమెంటు బ్యాంకున్నది. జీరో బ్యాలెన్సు ఖాతా అని గట్టిగ అడుగు, లేదంటే నా దగ్గరికి రా, నేనొచ్చి అడుగుత."

ఆమె వెళ్లిపోయింది. తర్వాత ఒక వాచ్‌మన్, కాలేజీ పిల్లలు ఇద్దరు, టిఫిన్ బండాయన. అందరినీ ముందు రాబడి అడిగాడు, తర్వాత వద్దన్నాడు. రెండు గంటల్లో ఐదుగురిని తిప్పి పంపి ఒక్క ఫారం నింపాడు. ఆరు ఖాతాలే ఎందుకవుతున్నాయో నాకు అప్పుడు అర్థమయింది. ఈ కుర్రాణ్ని నేను మోసగాడని రాశాను. ఒక్క రోజు కూడా కొనసాగడానికి అర్హుడు కాడని రాశాను. ఆ ఇంగ్లీషు బాగా వచ్చిందని నీకు గొప్పగా చెప్పాను.

వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చున్నాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడొచ్చినవ్ నాన్నా అన్నాడు. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. నా పేర ఒక ఖాతా రాసుకోరా అన్నాను. చుట్టం అయితే లెక్కలోకి రాదని తెలిసి కూడా అన్నాను. వాడు ఫారాల కట్ట మీద చేయి అడ్డంపెట్టాడు.

"నీకెందుకు నాన్నా? పెన్షన్ ఖాతా ఉన్నది గద. ఉత్తగ ఐదువందల తొంబై పోతయ్."

నన్ను కూడా తిప్పి పంపాడు.

కాసేపటికి వాడే చెప్పాడు, డిసెంబరులో కూడా టార్గెట్ కాదు నాన్నా అని. నేల చూస్తూ చెప్పాడు. నేను ముప్పై నాలుగేళ్లు సర్కారీ కొలువులో పర్మనెంట్ అన్న ఒక్క మాటను పట్టుకుని బతికినవాణ్ని. వాడి చిన్నప్పటినుంచి వాడికి నేర్పింది కూడా అదే. నా నోటివెంట వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది.

"కాకుంటే కాకపాయె తీయ్."

అర్జీ మేనేజరుకు ఇవ్వలేదు. ఇచ్చి ఏమని అడగాలి, ఇలాంటివాణ్ని ఇలాగే గొడుగు కింద ఉంచండి అనా? సాయంత్రం ఆరయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత ఇద్దరం బస్టాండుదాకా నడిచాం. వేరే ఉద్యోగం చూసుకుంటానన్నాడు, చూసుకోమన్నాను. నీ ఇంటికి రానందుకు కోపగించుకోకు. నీ ముఖం చూసే ధైర్యం ఆ రోజు లేదు.

హనుమకొండ వాళ్లకు నిన్న ఉత్తరం రాశాను. మా అబ్బాయి ఉద్యోగం పర్మనెంట్ కాలేదు, అయ్యేట్టు కూడా లేదు, అబ్బాయి మాత్రం మనిషి మంచివాడు, ఆ మాట నేను కళ్లారా చూసి రాస్తున్నాను, ఆపైన మీ ఇష్టం అని రాశాను.

నీ తమ్ముడు
జనార్ధనరావు